దుంగకు గొలుసు ఎక్కడ పడాలి: ఏటీవీతో కలప లాగుడు లెక్కలు

కోసిన చెట్టును అడవిలోంచి దారి దాకా చేర్చడానికి ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద నడిచే నాలుగు చక్రాల చిన్న బండి) కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఇంజను ఎన్ని సీసీ అని. దుంగ కదలకపోయినా, ముందు చక్రాలు గాల్లోకి లేచినా, దిగుడులో దుంగ వెనక నుంచి బండిని తోసినా తప్పు ఇంజను మీదికే పోతుంది. నిజానికి 400 సీసీ దాటిన బండి ఏదైనా లో గేర్‌లో తడి నేల మీద తన చక్రాలను ఉన్నచోటనే గిర్రున తిప్పేయగలదు. అంటే ఇంజను బలం ఇంకా మిగిలి ఉండగానే నేల పట్టు అయిపోతుంది. ఇంకా పెద్ద ఇంజను తెచ్చినా గోతి ఇంకొంచెం లోతుగా పడుతుందంతే. తేడా తెచ్చేది దుంగ బరువు నేల మీద ఎంత పడుతోంది, చక్రాల మీద ఎంత పడుతోంది అన్న పంపకం. ఆ పంపకాన్ని తేల్చేది గొలుసు దుంగను ఎక్కడ పట్టుకుంది, బండిని ఎక్కడ పట్టుకుంది అన్న రెండు చోట్లు.

ముందు బరువు సంగతి. పచ్చి కలప ఘనపు మీటరుకు 800 నుంచి 1,000 కిలోలు తూగుతుంది. నడుమగా 900 అనుకుంటే 3 మీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న దుంగ 85 కిలోలు. 30 సెంటీమీటర్లదైతే 190. 40 అయితే 340. 50 అయితే 530. అడ్డుకొలత రెట్టింపైతే బరువు నాలుగింతలవుతుంది. కంటి అంచనా ఇక్కడే మోసం చేస్తుంది: నిన్న లాగిన దుంగకన్నా ఈరోజుది కాస్తే లావుగా కనిపిస్తుంది, తూకానికొస్తే దాదాపు రెట్టింపు ఉంటుంది. అందుకే రంపం పట్టుకున్నప్పుడే దుంగ పొడవు తేల్చుకోవాలి. 40 సెంటీమీటర్ల మాను నుంచి 3 మీటర్ల ముక్క కాకుండా 2 మీటర్ల ముక్క తీస్తే 226 కిలోలతో సరిపోతుంది. ఎలాగూ పొయ్యిలోకి పోయే కట్టెలైతే పొడవు దుంగగా లాగి ఇంటి దగ్గర కోయాలన్న పట్టుదలకు అర్థం లేదు.

బండి మీద అంటించిన స్టిక్కరులో 500 కిలోలు లాగవచ్చని ఉంటే, ఆ మాట చక్రాలున్న ట్రైలర్‌కు, చదునైన నేలకు చెప్పినది. నేల మీద ఈడ్చే దుంగకు అది వర్తించదు. ఈడ్చినప్పుడు రాపిడి దుంగ బరువులో 0.6 వంతు దాకా ఉంటుంది. మెత్తటి నేలలో మూతి కూరుకుపోతే అంతకన్నా పెరుగుతుంది, గడ్డకట్టిన మంచు మీద బాగా తగ్గుతుంది. 350 కిలోల బండి, దాని మీద 80 కిలోల మనిషి, కలిపి 430 కిలోలు. తేమ నేల మీద నాలుగు చక్రాలూ తిరుగుతుంటే పట్టు బరువులో సగం అనుకోవచ్చు. అంటే లాగగలిగేది 215 కిలోలు. 30 సెంటీమీటర్ల దుంగకు కావలసింది 114, కాబట్టి చదునులో హాయిగా వస్తుంది. 40 సెంటీమీటర్లదానికి 204 కావాలి. వస్తే వస్తుంది, వేరు అడ్డమొస్తే ఆగిపోతుంది.

ఇక ఎక్కుడు. నూరు మీటర్లకు 20 మీటర్లు లేచే వాలులో బండి తన బరువునూ దుంగ బరువునూ రెండింటినీ మోసుకెక్కాలి. 430కి 30 సెంటీమీటర్ల దుంగ బరువు 190 కలిపి, అందులో ఐదో వంతు తీస్తే 124 కిలోలు. రాపిడి 114. రెండూ కలిస్తే 238, ఉన్న పట్టు 215. చదునులో ఆడుతూ పాడుతూ వచ్చిన అదే దుంగ ఈ వాలులో కదలదు. ఆ సమయంలో ఎక్కువమంది చేసేది యాక్సిలరేటర్ గట్టిగా నొక్కడం, లేదా కొంచెం వెనక్కి వచ్చి ఊపుగా లాగడం. రెండోది మొదటిదానికన్నా చెడ్డది, ఎందుకో తర్వాత చూద్దాం.

మూతి లేస్తే సగం పని

దుంగ ముందు కొనను నేల నుంచి లేపితే దాని బరువులో సగం లేపినవాడి మీద పడుతుంది, మిగతా సగమే నేలను రాస్తుంది. ఇందుకు అన్నిటికన్నా చవకైన ఉపాయం గొలుసును పొట్టిగా కట్టడం. వెనక కొక్కేనికీ దుంగ కొనకూ మధ్య రెండడుగుల లోపు గొలుసు ఉంటే, లాగినప్పుడల్లా అది దుంగ మూతిని కొంచెం పైకి లేపుతుంది. ఆ మేరకు వెనక చక్రాల మీద బరువు పెరిగి పట్టు కూడా పెరుగుతుంది. మరీ పొట్టిగా కడితే మలుపులో దుంగ టైరును తాకుతుంది. పొడుగ్గా వదిలితే మూతి నేలలోకి దూసుకుపోయి నాగలి దున్నినట్టు దున్నుతుంది, మలుపులో పక్కకు ఊగి నిలబడ్డ చెట్ల బెరడు చెక్కేస్తుంది.

మూతిని రంపంతో చుట్టూ ఏటవాలుగా చెక్కడం పాత పద్ధతి. నాలుగు కోతలు, ఒక్క నిమిషం పని. కలపలో రెండంగుళాలు పోయినా మొద్దుల మీదికి, వేర్ల మీదికి దుంగ తనంతట తానే ఎక్కి జారుతుంది. పలకలుగా కోసే కలపైతే ఆ నష్టం ఒప్పుకోని వాళ్లు గట్టి ప్లాస్టిక్ శంకువును మూతికి తొడుగుతారు. గొలుసు శంకువు కొనలోని రంధ్రం గుండా బయటికి వస్తుంది. ఒక దుంగ నుంచి ఇంకో దుంగకు మార్చుకుంటూ పోవచ్చు. చిన్న దుంగలకు ఇది బాగా పనికొస్తుంది. శంకువులో పట్టనంత లావు దుంగకు మాత్రం పనికిరాదు.

ఏ కొనను ముందు పెట్టాలన్నది మరో ప్రశ్న. కొమ్మలు సాధారణంగా చెట్టు కొస వైపు వంగి ఉంటాయి. మొదలును ముందు పెట్టి లాగితే కొమ్మ కోసిన మోడులు వెనక్కి పడుకుని జారతాయి. కొసను ముందు పెడితే ప్రతి మోడూ నేలలోకి కొక్కెంలా దిగుతుంది. కాబట్టి మామూలుగా మొదలే ముందు. చిన్న బండి, లావు మొదలు అయితే ఎత్తడానికి బరువెక్కువ కనుక కొస వైపు కట్టుకోవచ్చు. అప్పుడు మోడులన్నిటినీ మానుకు సమంగా, చేయి పెట్టి తడిమితే తగలనంతగా చెక్కాల్సిందే. ఈ చెక్కుడులో బద్ధకించినవాళ్లు తర్వాత ఆ దుంగ ఎందుకు ఇంత బరువుగా ఉందని ఆశ్చర్యపోతుంటారు.

ఆర్చ్, దాని మీటె

రెండు చక్రాలు, వాటి మధ్య వంపు తిరిగిన ఇనుప చట్రం, ముందుకు సాగిన పొడవాటి కడ్డీ. దీన్నే ఆర్చ్ అంటారు. దుంగ చట్రం కింద వేలాడుతుంది. 1870లలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం మనిస్టీలో సైలస్ ఓవర్‌ప్యాక్ అనే చక్రాల తయారీదారు దాదాపు 3 మీటర్ల ఎత్తు చక్రాలతో చేసిన గుర్రపు బండ్లదీ ఇదే సూత్రం. కడ్డీని నిటారుగా ఎత్తి, దుంగకు గొలుసు వేసి, గుర్రాలతో కడ్డీని కిందికి లాగిస్తే దుంగ లేచేది. ఈనాటి ఆర్చ్‌లో మారింది చక్రం కొలతా, గుర్రం స్థానంలో వచ్చిన బండీ మాత్రమే.

చేసే తీరు ఇది. ఆర్చ్‌ను దుంగ మీదుగా, చక్రాలు చెరోపక్కన వచ్చేలా వెనక్కి నెట్టాలి. కడ్డీ కొనను పైకి ఎత్తితే ఇరుసు వెనకున్న కొక్కెం కిందికి దిగుతుంది. గొలుసును దుంగ కిందుగా తీసి, చుట్టి, వదులు లేకుండా కొక్కేనికి తగిలించాలి. నేలకు అతుక్కుపోయిన దుంగ కింద గొలుసు దూరదు. అందుకు వంగిన ఇనుప ఊచ కొనకు గొలుసు తగిలించి అటువైపు నుంచి లాగాలి, లేదా చెట్టు పడే చోట ముందే అడ్డంగా ఒక కొమ్మ వేసి ఉంచాలి. ఇప్పుడు కడ్డీని కిందికి నొక్కితే దుంగ లేస్తుంది. కడ్డీ పొడవు 1.8 మీటర్లు, ఇరుసు నుంచి కొక్కేనికి 30 సెంటీమీటర్లు అయితే బలం ఆరింతలు. 142 కిలోలు లేపడానికి చేతితో 24 కిలోలు నొక్కితే చాలు. ఆ కడ్డీని బండి కొక్కేనికి పిన్నుతో బిగించేదాకా చేయి వదలకూడదు. మధ్యలో జారితే ఆ 1.8 మీటర్ల కడ్డీ అదే ఆరింతల వేగంతో పైకి లేచి దవడకు తగులుతుంది.

142 అన్న అంకె ఎక్కడిదంటే, దుంగలో గొలుసు పడిన చోటు నుంచి. అదే 30 సెంటీమీటర్ల, 3 మీటర్ల దుంగను సరిగ్గా మూతి దగ్గర పట్టుకుంటే 190లో సగం, అంటే 95 కిలోలు చక్రాల మీద పడతాయి. మూతి నుంచి మీటరు లోపల పట్టుకుంటే ముప్పాతిక, అంటే 142 కిలోలు చక్రాలు మోస్తాయి, తోక మీద 48 మాత్రమే మిగులుతాయి. చక్రాలు దొర్లడానికి పట్టే బలం గట్టి నేలలో బరువులో పదో వంతు. మొదటి పద్ధతిలో రాపిడి 57, దొర్లుడు 10, మొత్తం 67 కిలోలు. రెండోదాంట్లో 29, 14, మొత్తం 43. నేరుగా ఈడిస్తే 114 పట్టిన చోట ఇది మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. ఇందాక ఆగిపోయిన ఆ వాలులో ఇప్పుడు కావలసింది, 40 కిలోల ఆర్చ్ బరువుతో సహా, 180 కిలోలు. ఉన్న పట్టు 215. ఎక్కేస్తుంది.

అలాగైతే సరిగ్గా మధ్యలో పట్టుకుని మొత్తం దుంగను గాల్లోకి లేపేస్తే ఇంకా తేలిక కదా అనిపిస్తుంది. ఎక్కుడు వరకు ఆ మాట నిజమే. దిగుడులో అదే దుంగ శత్రువవుతుంది. 20 శాతం దిగుడులో దుంగ, ఆర్చ్ కలిపి 46 కిలోల బలంతో బండిని వెనక నుంచి తోస్తాయి. గొలుసు మీటరు లోపల ఉండి తోక నేలను రాస్తుంటే దాన్ని ఆపే రాపిడి, దొర్లుడు కలిసి 47. అంటే దుంగ తన్ను తానే ఆపుకుంటూ వస్తుంది, బండిని తోయదు. తోక గాల్లో ఉంటే ఆపేది చక్రాల దొర్లుడొక్కటే, 23 కిలోలు. మిగతా సగం బండి బ్రేకుల మీదికి వస్తుంది. తడి ఆకుల మీద, అందులోనూ మలుపులో, ఆ తోపుడు బండి వెనక భాగాన్ని పక్కకు నెట్టి కత్తెరలా మడిచేస్తుంది. అంతకన్నా నిటారు దిగుడైతే గొలుసును మూతి వైపు జరపాలి. సరిగ్గా మూతి దగ్గర పట్టుకుంటే ఆపే బలం 71 కిలోలవుతుంది, అది 30 శాతం వాలు దాకా సరిపోతుంది. ఎక్కుడుంటే గొలుసు లోపలికి, దిగుడుంటే గొలుసు బయటికి. ఒకే దారిలో రెండూ ఉంటే దిగుడు లెక్కనే నమ్మాలి. ఎక్కలేకపోతే దుంగ అక్కడే ఉంటుంది, దిగుడులో అదుపు తప్పితే మనిషి మీదికి వస్తుంది.

ఈ సంగతి గుర్రపు బండ్ల కాలం వాళ్లకు బాగా తెలుసు. పశ్చిమ అమెరికాలో వాడిన ఒక రకం పెద్ద చక్రాల బండిలో కడ్డీ ముందుకూ వెనక్కీ జారేది. గుర్రాలు లాగుతుంటే కడ్డీ ముందుకు జారి దుంగలు పైకి లేచేవి. దిగుడులో బండి గుర్రాల మీదికి తోసుకొస్తే కడ్డీ వెనక్కి జారి దుంగలు నేలకు దిగి రాసుకునేవి. బ్రేకు వేసే మనిషి అక్కర్లేని బ్రేకు అది.

ఆర్చ్ కింద వేలాడే దుంగ ముందు కొనను కూడా రెండో గొలుసుతోనో బెల్టుతోనో కడ్డీకి కట్టేయాలి. లేకపోతే ప్రతి మలుపులో లోలకంలా ఊగి చక్రాలను తంతుంది.

బండికి గొలుసు ఎక్కడ

బండి వెనక సామాను పెట్టే ర్యాకు గట్టిగా కనిపిస్తుంది, చేతికి అందుతుంది, గొలుసు కట్టడానికి పిలుస్తున్నట్టే ఉంటుంది. దానికి కడితే ఏమవుతుందో ఒక లెక్క. మనిషితో కలిపి 430 కిలోల బరువు, దాని కేంద్రం వెనక ఇరుసుకు 55 సెంటీమీటర్ల ముందు ఉందనుకుంటే బండిని నేలకు అదిమి ఉంచే తిప్పుడు బలం 236 కిలోగ్రామ్-మీటర్లు. దుంగ ఏ మొద్దుకో తగులుకుని ఆగింది, నేల పొడిగా, వేర్లతో గట్టిగా ఉంది, పట్టు బరువులో 0.8 వంతు. చక్రాలు 344 కిలోలతో లాగుతాయి. ర్యాకు నేల నుంచి 85 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే బండిని వెనక్కి పడేసే బలం 292. అంటే చదునులోనే ముందు చక్రాలు లేచి బండి నడిపేవాడి మీద బోర్లా పడుతుంది. అదే లాగుడు 35 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న కింది కొక్కెం నుంచి జరిగితే 120 మాత్రమే. చక్రాలు జారి ఆగుతాయి తప్ప బండి లేవదు. ఎక్కుడులో బరువు కేంద్రం ఇరుసు వైపు జరుగుతుంది కనుక ఈ తేడా ఇంకా ప్రాణాంతకం. గొలుసు ఎప్పుడూ వెనక కింది కొక్కేనికే, ఇరుసు ఎత్తుకు మించని చోటే.

ఊపుతో లాగడం గురించి చెప్పాల్సింది ఇక్కడే. 430 కిలోల బండి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వస్తూ, వదులుగా ఉన్న గొలుసు బిగుసుకున్న 5 సెంటీమీటర్లలో ఆగిందనుకుంటే సగటు లాగుడు దాదాపు 3,400 కిలోలు. 8 మిల్లీమీటర్ల గ్రేడ్ 70 (గొలుసు ఇనుము బలాన్ని చెప్పే తరగతి) గొలుసుకు పని భారం, అంటే భద్రంగా లాగగలిగే బరువు, 2,130 కిలోలు. గొలుసు వెంటనే తెగకపోవచ్చు, కానీ లింకు సాగుతుంది, కొక్కెం తెరుచుకుంటుంది, బండి చట్రానికి వేసిన వెల్డింగు పగులుతుంది. గొలుసు బిగిసేదాకా నత్తలా కదిలి, బిగిశాకే యాక్సిలరేటర్ ఇవ్వాలి. కదలకపోతే దిగి చూడాలి. బురదలో చిక్కిన బండ్లను లాగడానికి వాడే సాగే నైలాను తాళ్లు ఈ పనికి అసలు వద్దు. మొద్దుకు తగులుకున్న దుంగ ఉన్నట్టుండి విడివడితే సాగిన తాడు దాన్ని నడిపేవాడి వీపు మీదికి విసురుతుంది.

తగులుకున్న దుంగను విడిపించే చక్కటి ఉపాయం బలం కాదు, దొర్లింపు. గొలుసును దుంగ చుట్టూ ఒకటిన్నర చుట్టు తిప్పి, కొక్కెం అడ్డంకి ఉన్న వైపు కిందుగా వచ్చేలా వేస్తే, లాగగానే గొలుసు విప్పుకుంటూ దుంగను అడ్డంకి అవతలికి దొర్లిస్తుంది. ఎటు దొర్లాలో ముందే చూసుకుని ఆ పక్కన ఎవరూ లేకుండా చూసుకోవాలి. తాడే ఉంటే దుంగకు మెలి ముడి వేసి, మూతి దగ్గర ఇంకో అర ముడి వేయాలి. రెండో ముడి దుంగను తాడు దిశలో తిన్నగా ఉంచుతుంది. ఇనుప పట్టకారు అయితే వేయడం తీయడం క్షణాల పని, కానీ లాగుడు వదులైన మరుక్షణం పళ్లు జారిపోతాయి. దిగుడులో, ఎత్తుపల్లాల్లో దాన్ని నమ్మకూడదు.

ట్రైలర్ ఎప్పుడు

దూరం పెరిగేకొద్దీ ఒక్కో దుంగ లాగడం దండగవుతుంది. దారి 100 మీటర్లు, వేగం గంటకు 6 కిలోమీటర్లు అనుకుంటే రానూపోనూ 2 నిమిషాలు, కట్టి విప్పడానికి 4. ఒక్కో 30 సెంటీమీటర్ల దుంగకు 6 నిమిషాలు, ఘనపు మీటరుకు 28. ట్రైలర్‌లో 500 కిలోలు ఎక్కించి దించడానికి 20 నిమిషాలు పడితే ఘనపు మీటరుకు 40. దూరం 300 మీటర్లయితే రెండూ 47 దగ్గర సమానమవుతాయి. అక్కడి నుంచి ట్రైలర్‌దే పైచేయి. అందుకే ఆర్చ్‌తో దారి అంచు దాకా లాగి పేర్చడం, అక్కడి నుంచి ట్రైలర్‌తో మోయడం ఎక్కువ చోట్ల కుదిరే పద్ధతి. 15 సెంటీమీటర్ల సన్న దుంగలకు ఆర్చ్ ఊసే వద్దు. ఒక్కోటి 48 కిలోలు, పది కలిస్తే ఒక ట్రైలర్ లోడు.

అడవి ట్రైలర్‌కు పక్కకు రెండేసి చొప్పున నాలుగు చక్రాలు, ఆ రెండు చక్రాలనూ కలిపే ఊగే దూలం ఉండాలి. ఒక చక్రం 20 సెంటీమీటర్ల మొద్దు ఎక్కితే ట్రైలర్ 10 సెంటీమీటర్లే లేస్తుంది. ఒకే ఇరుసైతే మొత్తం 20 సెంటీమీటర్లూ లేచి పక్కకు వాలుతుంది. బండికి తగిలించే చోట కారు ట్రైలర్‌లాంటి గుండు కొక్కెం కన్నా, తన చుట్టూ తాను తిరిగే కడ్డీ మేలు. ట్రైలర్ ఒకవేళ బోర్లా పడినా బండిని తనతో తిప్పేయదు. లోడులో పదో వంతు బరువు ముందు కొక్కెం మీద పడేలా సర్దాలి. బరువు ఇరుసు వెనక పడితే ట్రైలర్ బండి వెనక భాగాన్ని పైకి లేపుతుంది, వెనక చక్రాల పట్టు పోతుంది. బెల్టులు బిగించాక ఓ వంద మీటర్లు పోయి ఆగి మళ్లీ బిగించాలి. కుదుపులకు దుంగలు ఒకదానిలోకి ఒకటి సర్దుకుని బెల్టు కచ్చితంగా వదులవుతుంది.

దిగుడులో ట్రైలర్‌కు తోక రాపిడి ఉండదని మరిచిపోకూడదు. బండి కన్నా బరువైన లోడుతో, బ్రేకుల్లేని ట్రైలర్‌తో వాలు దిగడం లెక్కకు అందే పని కాదు. అలాంటి చోట సగం లోడే వేసుకోవాలి.

బండి లోపల

ఎక్కువ ఏటీవీల్లో ఇంజను నుంచి చక్రాలకు బలం రబ్బరు బెల్టు ద్వారా వెళ్తుంది. హై గేర్‌లో నెమ్మదిగా, బరువుగా లాగితే ఆ బెల్టు కప్పీల మధ్య జారి కాలుతుంది. కాలిన రబ్బరు వాసన వచ్చిందంటే బెల్టు అంచులు అద్దంలా నున్నగా అయిపోయాయని అర్థం. ఇక అది ఎప్పుడూ జారుతూనే ఉంటుంది. దుంగ కట్టినప్పుడల్లా లో గేరే. దిగుడులో ఇంకో చిక్కుంది. కొన్ని బండ్లలో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే క్లచ్ విడిపోయి బండి స్వేచ్ఛగా జారుతుంది, ఇంజను ఆపదు. వాలు మొదలవక ముందే కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి క్లచ్ పట్టుకునేలా చేసి అప్పుడు దిగాలి.

నెమ్మది వేగంలో రేడియేటర్‌కు గాలి తగలదు, ఫ్యాను ఒక్కటే దిక్కు. రంపపు పొట్టు, బురద కలిసి దాని సందులు మూసేస్తే అరగంటలో వేడి దీపం వెలుగుతుంది. ఇరుసు కీళ్లకు తొడిగిన రబ్బరు బూట్లను తెగిన కొమ్మల మోడులు గుచ్చుతాయి. గ్రీజు బయటికి కారుతున్న గీత కనిపిస్తే అదే రోజు మార్చాలి, ఇసుక లోపలికి పోతే కీలు మొత్తం పోతుంది.

ముందున్న ఎలక్ట్రిక్ వించ్‌తో (డ్రమ్ముకు తాడు చుట్టుకుంటూ లాగే మోటారు) రోజంతా దుంగలు లాగుదామనుకోవడం మరో పొరపాటు. పూర్తి బరువు మీద అది వందకు పైగా ఆంపియర్లు తాగుతుంది, బండి ఛార్జింగు అందులో కొంత మాత్రమే ఇవ్వగలదు, మిగతాది బ్యాటరీ నుంచి పోతుంది. పైగా దాని మీద రాసిన బలం డ్రమ్ముపై తాడు మొదటి పొరలో ఉన్నప్పటిది. పొరలు పెరిగేకొద్దీ లాగుడు పడిపోతుంది. లోయలో ఇరుక్కున్న ఒకటీ రెండూ దుంగలకు సరే. కప్పీని దుంగకు కట్టి, దాని గుండా తిప్పిన తాడు కొనను తిరిగి బండికి బిగిస్తే లాగుడు రెట్టింపు, వేగం సగం. కప్పీని చెట్టుకు కట్టి తాడును మళ్లిస్తే లాగుడు పెరగదు, దిశే మారుతుంది, ఆ చెట్టు మీద మాత్రం తాడు లాగుడుకు రెండింతల దాకా బరువు పడుతుంది, కాబట్టి దానికి వెడల్పాటి బెల్టే చుట్టాలి, గొలుసు కాదు. తాడు వంపు లోపలి పక్కన ఎవరూ నిలబడకూడదు. కప్పీ ఊడితే తాడు సరిగ్గా అటే ఎగురుతుంది.

దారి, వాలులో ఆగిపోవడం

దారిని వాలుకు అడ్డంగా వేస్తే దుంగ తోక కిందికి జారి బండిని పక్కకు లాగుతుంది. వీలైనంత వరకు వాలుకు తిన్నగానే ఎక్కాలి, దిగాలి. దారిలోని మొద్దులను నేలకు సమంగా కోయాలి, నాలుగంగుళాల మొద్దు కూడా దుంగ మూతిని పట్టుకుంటుంది. మలుపు లోపలి వైపున్న ఒక వంకర చెట్టును ఆఖరి దాకా నిలబెట్టి ఉంచడం తెలివైన పని. దుంగలన్నీ దానికే రాసుకుని తిరుగుతాయి, మంచి చెట్ల బెరడు మిగులుతుంది. పని ముగిశాక దాన్నీ కోసుకోవచ్చు. తడిసిన చోట్ల కొట్టేసిన కొమ్మలను అడ్డంగా పరిచి వాటి మీదుగా నడపాలి. వానలు పడుతున్న వారంలో పని ఆపేయడమే మంచిది. తడి నేలలో చక్రాలు, దుంగ చేసిన గాళ్లలో నీళ్లు పారి తర్వాత అవి వాగులవుతాయి. ఈడ్చిన దుంగ బెరడు నిండా ఇసుక, చిన్న రాళ్లు దిగి ఉంటాయి, కోసే ముందు గీకకపోతే రంపం గొలుసు నాలుగు కోతలకే మొద్దుబారుతుంది.

ఎక్కుడు మధ్యలో బండి ఆగిపోతే చేయాల్సిన వరస ఒకటుంది. ముందు బ్రేకు, తర్వాత పార్కింగ్ బ్రేకు, ఇంజను ఆపడం. దిగేది ఎగువ పక్కనుంచే. దుంగ వెనక రాయో కట్టెముక్కో అడ్డం పెట్టి, అది కదలదని కాలితో తోసి చూసుకున్నాకే గొలుసు సంగతి. బిగుసుకుని ఉన్న గొలుసు కొక్కేన్ని చేతితో తీయడానికి ప్రయత్నిస్తే వేళ్లు పోతాయి. ఒక బెత్తెడు వెనక్కి వచ్చి వదులు చేయాలి. దుంగను అక్కడే వదిలి, బండిని చదునైన చోటికి తీసుకెళ్లి, పొడవు తాడుతో అక్కడి నుంచి లాగడం చాలా సందర్భాల్లో పనిచేస్తుంది, ఎందుకంటే అప్పుడు బండి తన బరువును వాలు మీద మోసుకోవాల్సిన పని ఉండదు. అలా లాగేటప్పుడు దుంగకు దిగువన ఎవరూ ఉండకూడదు. అప్పటికీ రాకపోతే మోటారు రంపం తెచ్చి దాన్ని రెండు ముక్కలు చేయడమే.

సాయంత్రం గొలుసును తుడిచేటప్పుడు ఒక్కో లింకునూ వేళ్లతో తిప్పి చూడాలి. ఒకదానిలో ఒకటి తేలిగ్గా తిరగని లింకు సాగిపోయినదే. లింకు మందం పదో వంతు అరిగినా, కొక్కెం నోరు కొత్తదానికన్నా తెరుచుకున్నా ఆ ముక్కను పక్కన పెట్టేయాలి. కంచె కట్టడానికి పనికొస్తుంది.